నల్లమ్మ జాడీ

పార్టీ కార్యదర్శి చ్యూ గారు ముల్లంగి తింటారట, చూద్దాం రా అక్కా అని లియాన్ నన్ను ప్రయోగశాలలోంచి లాక్కెళ్లింది. నవ్వకండి. యున్‌తాన్ నగరంలో అదొక పండగ. నదికి ఎగువన లోహాల ఫ్యాక్టరీలు వచ్చినప్పటి నుంచి ఊళ్లో కూరగాయల మీద జనానికి నమ్మకం పోయింది. అందుకని ఏడాదికోసారి కార్యదర్శిగారు టీవీ కెమెరాలతో సంతకొచ్చి, ఏదో ఒక పచ్చి కూర కొరికి, అంతా క్షేమమని చాటి వెళ్తారు.

ఆ రోజు సంతని అద్దంలా కడిగేశారు. ఈగలు కూడా సెలవు పెట్టినట్టున్నాయి. చ్యూ గారు నల్లకోటులో కారు దిగారు, ఒక దుకాణం ముందు ఆగారు, బుట్టలోంచి ముల్లంగి తీసి కరకరా కొరికారు.

"ప్రజలు ఏది తింటే నాయకులూ అదే తింటారు! మనందరిదీ ఒకే నేల, ఒకే గిన్నె!"

చప్పట్లు మోగాయి. నా పక్కన నిలబడ్డ ముసలావిడ మాత్రం చేతులు కట్టుకునే ఉంది. ఆవిడ లియాన్ అత్తగారు. మనం నాయనమ్మా అన్నట్టు అక్కడ అందరూ ఆవిణ్ని నైనై అంటారు.

"ఆ ముల్లంగి మన సంతది కాదు," అంది నైనై తన మామూలు గొంతుతోనే. ఆవిడ మామూలు గొంతంటే పది దుకాణాలకి వినపడుతుంది. "బుట్ట మాత్రం మనదే. ముల్లంగి ఆయన కార్లోనే వచ్చింది. ఇందాక డ్రైవరు అట్టపెట్టెలోంచి తీసి పైన పేర్చడం నేను చూడలేదనుకున్నాడు వెధవ."

"అత్తయ్యా, మెల్లిగా!" అని లియాన్ ఆవిడ కొంగు, అంటే కోటు అంచు పట్టుకుని లాగింది.

"ఎందుకే మెల్లిగా? వింటే విననీ. కరకరమన్న చప్పుడు విన్నావుగా. మనది కొరికితే రబ్బరు నమిలినట్టుంటుంది."

ఆ ముల్లంగి ఎక్కణ్నించి వచ్చిందో ఊళ్లో చిన్నపిల్లలకి కూడా తెలుసు. కొండవైపు ఎత్తయిన గోడ ఉంది. గోడ వెనక తోట ఉంది. ఆ తోట కూరలు, పాలు, మాంసం, అన్నీ నగర నాయకులు ఏడుగురూ ఉండే పెద్దావరణకే వెళ్తాయి. దాన్ని ప్రత్యేక సరఫరా అంటారు. అంటారంటే, ఎవరూ పైకి అనరు.

నా సంగతి చెప్పలేదు కదూ. నా పేరు వకుళ, మాది తణుకు. సూక్ష్మజీవులంటే పిచ్చి ఉండి ఆ పిచ్చి పట్టుకుని యున్‌తాన్ ఆహార పరిశోధనశాలలో చేరాను. నా బల్ల పక్క బల్ల లియాన్‌ది. నా చైనీసు విని మొదట్లో కడుపు పట్టుకుని నవ్వేది. "నువ్వు మాట్లాడుతుంటే పాట పాడుతున్నట్టుందక్కా" అనేది. ఆ తరవాత నవ్వడం తగ్గించింది. నవ్వే తీరిక లేదు పాపం. ఒకటో తరగతి చదివే కూతురు షావ్‌యాకి ఎముకల నొప్పులు మొదలయ్యాయి. కాడ్మియం. నీళ్లలోంచి నేలలోకి, నేలలోంచి కూరల్లోకి, కూరల్లోంచి పిల్ల ఎముకల్లోకి వచ్చేసింది. ఈకల బంతిని కాలితో పైకి తన్నుతూ ఆడే ఆట వాళ్ల సందులో పిల్లలందరూ ఆడుతుంటే, ఇది గుమ్మంలో కూర్చుని లెక్కపెట్టేది. ఎవరు ఎన్ని తన్నారో అరిచి చెప్పడమే దాని ఆట.

లియాన్ అప్పట్నించీ ఒకటే పని పట్టుకుంది. వాళ్ల ప్రాంతంలో ఊరగాయ జాడీ లేని ఇల్లుండదు. మన ఆవకాయ లాంటిది కాదు. ఉప్పునీళ్లు, మిరపకాయలు, అల్లం, అందులో ముల్లంగో బీన్సో ముంచి పెడతారు. ఆ పాత ఊటని తల్లినీళ్లు అంటారు, తరతరాలు పారబొయ్యరు. లియాన్ వాళ్ల అత్తగారి జాడీలోంచి ఒక బ్యాక్టీరియాని పట్టుకుని, దానికి కాసింత కాసింత లోహం అలవాటు చేస్తూ నెలల తరబడి పెంచింది. ఒక పొద్దున నన్ను కేకేసింది.

"అక్కా, నువ్వు చూసి చెప్పు. నా కళ్లని నేను నమ్మను."

గాజు జాడీలో సంత ముల్లంగి ముక్కలు తెల్లగా తేలుతున్నాయి. అడుగున కాటుకలాంటి నల్లటి మడ్డి పేరుకుంది. మడ్డిని పరీక్షించాను. అంతా కాడ్మియమే. ముక్కని పరీక్షించాను. చిటికెడు కూడా లేదు. మళ్లీ చేశాను, మళ్లీ అదే. లియాన్ ఆ ఊట తాగించిన ఎలుకల ఎముకల్లోంచి కూడా లోహం దిగిపోయింది. ఇద్దరం ఒకళ్లనొకళ్లు పట్టుకుని గెంతులేస్తుంటే పరీక్షనాళికలు గలగలలాడాయి. నేను దానికి నల్లమ్మ అని పేరు పెట్టాను. లియాన్ నోట అది 'నాలామా' అయింది. సరే, అమ్మవారు ఏ పేరుతో పిలిచినా పలుకుతుంది.

అంతవరకు మా పనిని పట్టించుకున్న నాథుడు లేడు. కానీ అదే వారం గోడ వెనక తోట ముల్లంగిలో కూడా కాడ్మియం బయటపడింది. భూమి లోపలి నీళ్లకి గోడ కట్టడం ఎవరికీ తట్టలేదు మరి! మర్నాడే మా ప్రయోగశాలకి కొత్త ఫ్రిజ్‌లు, కొత్త సోఫా, గుమ్మంలో కాపలా వచ్చాయి. మా డైరెక్టరు ఫాన్ గారు చెమట తుడుచుకుంటూ ఆజ్ఞ చదివారు.

"ఈ తల్లినీళ్లు ప్రత్యేక సరఫరా కిందికి వస్తాయి. ఏడు జాడీలు తయారుచేసి పెద్దావరణకి పంపాలి. చుక్క కూడా బయటికి వెళ్లకూడదు. వెళ్తే రాజ్యరహస్యం బయటపెట్టిన నేరం."

"మరి ఊళ్లో వాళ్లకి?" అంది లియాన్.

"ఊళ్లో వాళ్లకి ఎందుకమ్మా?" డైరెక్టరుగారు నిజంగానే ఆశ్చర్యపోయారు. "మందిస్తే విషం ఉందని ఒప్పుకున్నట్టే కదా? కార్యదర్శిగారు టీవీలో ముల్లంగి తిన్నారాయె. ప్రజల్లో అనవసర భయం కలగకూడదు."

నాకు ఒళ్లు మండిపోయింది. లియాన్ మాత్రం తల వంచుకుని సరేనంది. సాయంత్రం వెళ్తూ వెళ్తూ తన సూప్ ఫ్లాస్కు కాస్త జాగ్రత్తగా పట్టుకుని నడిచింది. కాపలావాడు మూత తీసి వాసన చూశాడు. "ఊరగాయ నీళ్లా? మా అమ్మా ఇలాగే పెడుతుంది" అని వదిలేశాడు. ఆ నేల మీద ఊరగాయ నీళ్లని రహస్యంగా దాచమనడమే వింత. మన దగ్గర పెరుగుని రాజ్యరహస్యం అన్నట్టు.

షావ్‌యాకి మాత్రమే పెట్టాలని, మూడో కంటికి తెలియకూడదని లియాన్ అత్తగారి చేత ఒట్టు వేయించుకుంది. నైనై మూత తీసి, వాసన పీల్చి, మురిసిపోయింది.

"ఓసి పిచ్చిదానా, ఇది మన జాడీ బిడ్డే కదే! చదువుకుని పుట్టింటికొచ్చింది."

నెల తిరక్కుండా నేను వాళ్లింటికి వెళ్లేసరికి గుమ్మంలో పక్కింటావిడ గిన్నె పట్టుకుని ఉంది. నైనై గరిటె ఎత్తి, అడిగింది.

"ఎవరికిస్తావు?"

"అడిగినవాళ్లకి," అంది పక్కింటావిడ.

గరిటె గిన్నెలోకి వంగింది. లియాన్ మొహం పాలిపోయింది. నేను నైనైని లోపలికి లాగి, ఇదేం పని అన్నాను.

"ఏం చెయ్యమంటావు? ఆవిడ గిన్నెతో వచ్చింది. మా సందులో తల్లినీళ్లడిగితే లేదనకూడదు. తీసుకునేవాళ్లు ఆ మాట చెప్పాలి, ఇచ్చేవాళ్లు ఇవ్వాలి. మా అత్తగారు నాకు అలాగే ఇచ్చింది. ఒట్టు వేశాను నిజమే, కానీ గిన్నె చూశాక ఒట్టు ఏం గుర్తుంటుంది?"

తణుకులో మా అమ్మ పెరుగు తీగలు సాగితే గిన్నె పట్టుకుని పక్కింటికి వెళ్లి, తోడుకి కాస్త పెరుగు పెట్టండి వదినా అనేది. లేదన్నవాళ్లని నేనెన్నడూ చూడలేదు. ఇంట్లో నెయ్యి లేదంటారు, పంచదార లేదంటారు గానీ తోడు పెరుగు లేదనరు. ఇంక నైనైని నేనేం తిట్టను?

"అయిపోయింది," అంది లియాన్ కుర్చీలో కూలబడి. "నన్ను పట్టుకుపోతారక్కా. పాప ఎలా?"

పాప వీధిలో ఉంది. ఈకల బంతిని తన్నుతోంది. ఒకటి, రెండు, మూడు, పడిపోయింది. మళ్లీ తీసింది. లెక్కపెట్టేది ఇప్పుడు వేరే పిల్ల. లియాన్ కిటికీలోంచి చూసి ఏడ్చింది, ఏడుస్తూనే నవ్వింది. ఆ తరవాత అత్తగారిని ఒక్క మాట అనలేదు.

పెద్దావరణకి వెళ్లిన ఏడు జాడీల వైభోగం చెప్పాలి. నెలకోసారి వాటిని చూసి రావడం నా పని. ఏడుగురూ వేదిక మీద కామ్రేడ్ కామ్రేడ్ అని భుజాలు తట్టుకుంటారు. ఇళ్లలో మాత్రం ఒకరి జాడీకి ఒకరు తెలియకుండా తాళాలు. ఉపకార్యదర్శి భార్య నన్ను పక్కకి పిలిచి, "చ్యూ గారి జాడీలో మడ్డి మా దానికంటే నల్లగా ఉందా?" అని అడిగింది. ఇంకొకాయన జాడీని తుపాకుల బీరువాలో పెట్టుకున్నాడు. చ్యూ గారైతే ప్రత్యేకంగా గది కట్టించి, తాళంచెవి మెళ్లో వేసుకున్నారు. "అందరిదీ ఒకే గిన్నె" అన్న బ్యానరు సరిగ్గా ఆ గది గోడకే వేలాడుతోంది. నేను పెదవులు బిగబట్టుకుని బయటికొచ్చి, గేటు దాటాక నవ్వాను.

ఇంతలో బడిలో పిల్లలకి ఏటేటా చేసే రక్తపరీక్ష వచ్చింది. దీపాల సందు పిల్లల రక్తం శుభ్రంగా ఉంది! లియాన్ వాళ్లుండేది ఆ సందే. మామూలు దేశమైతే మిఠాయిలు పంచేవాళ్లు. ఇక్కడ విచారణ మొదలైంది. అనుమతి లేకుండా ఇంతమంది పిల్లలు ఎలా బాగుపడ్డారో తేల్చమని చ్యూ గారు షూ అనే ఇన్‌స్పెక్టర్ని నియమించారు.

షూ సన్నగా, దిగులు మొహంతో ఉంటాడు. దీపాల సందులో ప్రతి వంటింట్లో జాడీ మూత తీసి చూశాడు. ప్రతి జాడీ అడుగునా నల్లటి మడ్డి ఉంది. నైనై అతన్ని కూర్చోబెట్టి, గంజి పోసి, పక్కన ముల్లంగి ముక్కలు పెట్టింది. అతను తిన్నాడు. ఇంకోసారి పెట్టించుకున్నాడు. వెళ్తూ వెళ్తూ, "ఏమీ దొరకలేదని రాసుకుంటానమ్మా" అన్నాడు.

"కళ్లు కనపడవా నాయనా?" అంది నైనై.

"మా అమ్మకి పక్క సందు నుంచి ఎప్పుడో వచ్చింది," అన్నాడతను టోపీ పెట్టుకుంటూ. "ఎవరికిస్తావని మా అమ్మ నన్నూ అడుగుతుంది. రోజూ అడుగుతుంది."

మేం ఊపిరి పీల్చుకున్నాం. అంతలోనే పెద్దావరణలో జాడీలు ఒక్కొక్కటీ చచ్చిపోవడం మొదలెట్టాయి. ముందు తుపాకుల బీరువాది కంపుకొట్టింది. తరవాత ఉపకార్యదర్శిది. తరవాత వరసగా అన్నీ. ప్రయోగశాలలో మేం దాచిన నల్లమ్మ కూడా ముద్దలు ముద్దలుగా విరిగిపోయింది. లియాన్ సూక్ష్మదర్శిని మీద వంగి చాలాసేపు చూసింది, తల ఎత్తి ఫక్కున నవ్వింది.

"దీనికి జబ్బు చేసిందక్కా. బ్యాక్టీరియాని తినే వైరస్. ఏడు జాడీల్లోనూ ఒకే రకం నల్లమ్మ, తాళం వేసి ఉంది. ఒక్క వైరస్ చాలు, మొత్తం ఊడ్చేస్తుంది. మా సందులో ఎందుకు బతికుంది? ఇంటింటికీ ఉప్పు వేరు, మిరపకాయ వేరు, చెయ్యి వేరు. ప్రతి ఇంట్లో అది కాస్త కాస్త మారింది. ఒక జాడీకి జబ్బు చేస్తే పక్కింటి గరిటె పడగానే మళ్లీ లేస్తుంది. ఇచ్చిపుచ్చుకుంటేనే బతుకుతుంది ఇది. నేను పెంచినదే, నాకే తెలియలేదు!"

శాస్త్రవేత్తగా అంత గొప్ప ఫలితం వచ్చింది గానీ దాన్ని పైకి చెప్పడమంటే సందు గుట్టు బయటపెట్టడం. చెప్పకపోతేనో, పెద్దావరణ వాళ్లు కొత్త జాడీలు అడుగుతున్నారు, మా దగ్గర బతికినది లేదు. పైగా రాజధాని నుంచి తనిఖీ బృందం వస్తోంది. వాళ్ల ముందు చ్యూ గారు మళ్లీ సంత ముల్లంగి తినాలి. ఈసారి కార్లో తెచ్చుకునే ముల్లంగి కూడా విషమే.

"చెప్పేస్తాను," అంది లియాన్. "దాస్తే ఇది మళ్లీ ఏడిళ్ల సొత్తే అవుతుంది. చెబితే నాకేమైనా అవనీ, అందరికీ దక్కుతుంది."

చెప్పింది. డైరెక్టరుగారు వింటూ వింటూనే ఫోను తీశారు. ఆయన చెడ్డవాడు కాదు, ఫోను పక్కనుంటే ఆగలేని మనిషి అంతే. మధ్యాహ్నానికి షూ జీపులో వచ్చాడు. లియాన్ మొహం చూడలేక నేల చూస్తూ, "మాట్లాడాలట, రండమ్మా" అన్నాడు. లియాన్ నా చేతిలో ఫ్లాస్కు పెట్టింది. "పాపకి అన్నం నువ్వు పెట్టు అక్కా" అని జీపెక్కింది. నేను నడిరోడ్డు మీద నిలబడి తెలుగులో తిట్టిన తిట్లు అర్థమై ఉంటే నన్నూ ఎక్కించేవాళ్లు.

దీపాల సందుకి ఆ కబురు మోసుకెళ్లడం నా జీవితంలో చేసిన కష్టమైన పని. షావ్‌యా గుమ్మంలో కూర్చుని, "అమ్మ ఎప్పుడొస్తుంది?" అని ఒక్కటే అడిగింది. నైనై లోపలికి వెళ్లింది. జాడీలోంచి గరిటె తీసి కడిగి, తుడిచి, రొంటిన దోపుకుంది. బయటికొచ్చి సందు చివరిదాకా వినపడేట్టు అరిచింది.

"నా కోడలు ఇంటికొచ్చేదాకా నా గరిటె జాడీలోకి దిగదు!"

ఒక తలుపు తెరుచుకుంది. "నా గరిటె కూడా కనపడటం లేదు నైనై!" ఇంకో తలుపు. "మాదీ ఎక్కడో పెట్టి మర్చిపోయాం!" సందంతా గరిటెలు మాయమైపోయాయి. ఏడుపొచ్చే సమయంలో నాకు నవ్వొచ్చింది. షావ్‌యా కూడా లోపలికి పరిగెత్తి టీచెంచా తీసి జేబులో దాచుకుంది.

ఆదివారం పొద్దున్నే వచ్చారు వాళ్లు. మొదట మాస్కు, చలువ కళ్లద్దాలు పెట్టుకున్న ఒకావిడ. చేతిసంచీలోంచి గిన్నె అంచు కనపడుతోంది. ఉపకార్యదర్శి భార్యని నేను గుర్తుపట్టాను.

"మా జాడీ బ్రహ్మాండంగా ఉంది," అందావిడ. "ఊరికే, మీది ఎలా ఉంటుందో చూద్దామని."

ఆవిడ వెనక తుపాకుల బీరువా ఆయన తల్లి వచ్చింది. ఆవిడ జాడీ కూడా బ్రహ్మాండంగానే ఉందట. ఆ వెనక ఇంకో నాయకుడి డ్రైవరు, ఇంకొకాయన అల్లుడు. ఎవరికి వాళ్లు తామొక్కళ్లే తెలివిగా వచ్చామనుకుని, ఒకరి గిన్నె ఒకరు చూసి కొయ్యబారిపోయారు. మాస్కులు పైకి లాక్కున్నారు గానీ లాభమేముంది, ఒకే ఆవరణలో ఉండేవాళ్లాయె! దీపాల సందు వాళ్లు ముక్కాలిపీటలు తెచ్చుకుని వీధిలో కూర్చుని చోద్యం చూశారు. చివరగా కూలీ టోపీ, పాత కోటు వేసుకుని ఒక పెద్దమనిషి గోడవారగా వచ్చాడు. బూట్లు మాత్రం మార్చుకోవడం మర్చిపోయాడు. అంత మెరిసే బూట్లు ఆ సందులో ఎప్పుడూ అడుగు పెట్టలేదు.

"చ్యూ కామ్రేడ్!" అంది ఉపకార్యదర్శి భార్య గట్టిగా. "మీ జాడీ కూడానా?"

ఆయన గొంతు సవరించుకున్నారు. "ప్రజల పరిస్థితులు స్వయంగా తెలుసుకోవడానికి..." అని మొదలెట్టారు. కోటు లోపల్నించి గిన్నె జారి ఠంగున కింద పడి, దొర్లుకుంటూ వెళ్లి షావ్‌యా కాళ్ల దగ్గర ఆగింది. పిల్ల దాన్ని తీసి, గౌనుకి తుడిచి, ఆయనకి అందించింది.

"తాతా, మా అమ్మని మీరేనా దాచింది?"

ఆయన నైనై వైపు తిరిగి, కాస్త పోయండి అన్నట్టు గిన్నె చాపారు.

"గరిటె లేదు," అంది నైనై. గరిటె ఆవిడ నడుం దగ్గర తళతళలాడుతోంది.

"నేను ఆజ్ఞాపిస్తే..."

"ఆజ్ఞాపించు నాయనా. జాడీ ఎత్తుకుపో. మా కోడలు చెప్పింది విన్నావుగా, తాళం వేస్తే నెల తిరక్కుండా చస్తుంది. అప్పుడు మళ్లీ రావాలి. అప్పటికీ నేనిక్కడే ఉంటాను."

వరసలో నిలబడ్డ పెద్దావరణ వాళ్లకి ఓపిక అయిపోయింది. తుపాకుల బీరువా ఆయన తల్లి కర్రతో నేల కొట్టింది. "ఆ పిల్లని వదిలించవయ్యా! రాజధాని వాళ్లొచ్చి మా వాణ్ని సంత ముల్లంగి తినమంటే నువ్వు తింటావా వాడి బదులు?" ఉపకార్యదర్శి భార్య ఫోను తీసి చ్యూ గారి చేతిలో పెట్టింది. ఆయన అటూ ఇటూ చూశారు. చప్పట్లు కొట్టేవాళ్లెవరూ లేరు. ఫోను చెవి దగ్గర పెట్టుకుని, చాలా చిన్నగా, "ఆమెని ఇంటికి పంపండి" అన్నారు.

జీపు ఎంత తొందరగా వచ్చిందంటే, షూ సందు మొదట్లోనే ఎదురుచూస్తూ ఉండి ఉంటాడు. లియాన్ దిగింది. జుట్టు చెదిరి ఉంది, చొక్కా నలిగి ఉంది, అంతే. షావ్‌యా పరిగెత్తింది. అవును, పరిగెత్తింది! గుమ్మంలో కూర్చుని లెక్కపెట్టిన పిల్ల అంత దూరం పరిగెత్తుకెళ్లి తల్లి నడుం కరుచుకుంది. లియాన్ దాన్ని ఎత్తుకుని గిరగిరా తిప్పింది. సందులో ఎవరో పళ్లెం మీద దరువేశారు, ఇంకెవరో టపాకాయలు అంటించారు. నేనేడ్చానో నవ్వానో నాకే తెలియదు.

నైనై రొంటిలోంచి గరిటె తీసింది. చ్యూ గారి గిన్నె మీద ఎత్తి పట్టుకుంది.

"ఎవరికిస్తావు?"

"ప్రజల ప్రయోజనమే పరమావధిగా, పార్టీ నాయకత్వంలో, సమష్టి..."

"ఉపన్యాసం కాదు నాయనా. ఎవరికిస్తావు?"

ఆయన గిన్నె ఇంకాస్త ముందుకి చాపారు. "అడిగినవాళ్లకి."

గరిటె వంగింది. గిన్నె నిండిందో లేదో, ఆయన భుజం వెనక నుంచి ఇంకో గిన్నె ముందుకొచ్చింది. ఇన్‌స్పెక్టర్ షూది.

"కామ్రేడ్, నాక్కాస్త పోస్తారా?" అన్నాడు అదే దిగులు మొహంతో.

సందంతా పడిపడి నవ్వింది. చ్యూ గారు పోశారు. సగం నేలపాలైంది గానీ, పోశారు.

విచారణ ఏమైందంటారా? రహస్యం బయటికి పొక్కిన ఆధారాలు లేవని మూసేశారు. తనిఖీ బృందం ముందు చ్యూ గారు నిజంగా సంత ముల్లంగే ఊరబెట్టి తిన్నారు. టీవీలో జాడీ పట్టుకుని, నగర ప్రజలకి ఇది పార్టీ కానుక అని ప్రకటించారు. లియాన్ పేరు లేదు. నేను టీవీ మీద చెప్పు విసరబోతే లియాన్ పట్టుకుని ఆపింది. నైనై పొట్ట చెక్కలయ్యేలా నవ్వింది.

"పేరు ఆయన తీసుకోనీవే. నీళ్లు మనం తీసుకున్నాంగా! ఇప్పుడు ఏ సందులోనైనా తలుపులు తీసుకుని ఇచ్చుకోవచ్చు."

నెల తిరగ్గానే చ్యూ గారు గిన్నెతో మళ్లీ వచ్చారు. ఈసారి కూలీ టోపీ లేదు. వరసలో కూరలమ్మే ఆవిడ వెనక నిలబడ్డారు.

"తాళం వేశావా?" అంది నైనై.

ఆయన చుట్టూ చూశారు. "వేశాను," అన్నారు.

ఆ నోట నేను విన్న మొదటి నిజం అదే. నైనై మామూలుగానే మాట అడిగింది, నీళ్లు పోసింది. ఆ పై నెల మళ్లీ వచ్చారు. ఆ తరవాత రావడం మానేశారు. చచ్చిందో బతికిందో తెలియక నైనైకి నిద్ర పట్టలేదు. ఆవిడకి చ్యూ గారి మీద బెంగ కాదు, జాడీ మీద.

ఒక ఉదయం తన జాడీ నిండుగా ఉన్నా సరే, ఖాళీ గిన్నె పట్టుకుని పెద్దావరణకి బయల్దేరింది. లియాన్, షావ్‌యా, నేను వెంట నడిచాం. సందులో వాళ్లు ఊరుకుంటారా, వాళ్లూ గిన్నెలు పట్టుకుని వెనకే వచ్చారు. గేటు దగ్గర కాపలావాడు అంతమందిని చూసి తుపాకీ సర్దుకున్నాడు.

"తల్లినీళ్లు అడగడానికొచ్చాను," అంది నైనై. "లోపల చెప్పు."

చాలాసేపు ఎవరూ రాలేదు. షావ్‌యా జేబులోంచి ఈకల బంతి తీసి గేటు ముందే తన్నడం మొదలెట్టింది. కాపలావాడు మొదట మొహం తిప్పుకున్నాడు, తరవాత పెదవులు కదిలిస్తూ లెక్కపెట్టాడు. పెద్దావరణ లోపల గోడలు అలాగే ఉన్నాయి, మెరిసే కార్లు అలాగే ఉన్నాయి. మనుషులు రాత్రికి రాత్రి మారిపోతారని నేనేం నమ్మలేదు. ఇంక వెనక్కి వెళ్దామని లియాన్ అంటూండగా లోపల తలుపు తెరుచుకుంది.

చ్యూ గారు జాడీని రెండు చేతులా పొట్టకి ఆనించుకుని, మెట్టు మెట్టూ చూసుకుంటూ వస్తున్నారు. మెళ్లో తాళంచెవి లేదు. జాడీ అడుగున నల్లటి మడ్డి, పైన తేటనీళ్లు. నల్లమ్మ సజీవంగా ఉంది. ఆయన గేటు బయటికొచ్చి, జాడీ నేల మీద దించి, మూత తీసి, గరిటె ముంచారు. నైనై గిన్నె చాపింది. గరిటె గిన్నె మీద ఆగింది.

"ఎవరికిస్తావమ్మా?" అన్నారు చ్యూ గారు.

నైనై బోసినోరంతా తెరిచి నవ్వింది. వెనక్కి తిరిగి, గిన్నెలు పట్టుకుని నిలబడ్డ సందునంతా ఒకసారి చూసింది.

"అడిగినవాళ్లకి," అంది.